ఎర్సీలియా మాలగూతి వెక్కు

మా అత్త ఎర్సీలియా మాలగూతి ఒకప్పుడు ఇటలీలో పార్మా రంగస్థలాన్ని ఏలిన సొప్రానో, అంటే పైస్థాయి గొంతు గాయని. ఇప్పుడు తొంభైకి దగ్గర పడింది. మోకాళ్ళు పోయాయి గాని నోరు పోలేదు. మా ఊరి ఒపేరా హాల్లో పై గ్యాలరీ జనం ఎంతటి గాయకుణ్ణయినా ఈలలు వేసి ఏడిపించి పంపిస్తారు. అలాంటివాళ్ళు కూడా భయపడేది ఇద్దరికే. ఒకరు దేవుడు, రెండోది మా అత్త. దేవుడైతే క్షమిస్తాడు.

ఆమె పేరు లోకమంతా మోగడానికి కారణం ఒక వెక్కు. అరవై ఏళ్ళ కిందట ప్రదర్శన జరుగుతుండగా పట్టిన రికార్డింగు అది. చివరి అంకంలో, నాయిక చనిపోతూ పాడే పాటకు ముందు వాద్యాలన్నీ ఒక్కసారి ఆగుతాయి. ఆ నిశ్శబ్దంలో, టేపు గరగరల అడుగున, ఏదో చిన్న శబ్దం. పండితులు దాన్ని ఏడుపు ఆపుకోలేక వచ్చిన వెక్కు అని తేల్చారు. ప్రొఫెసర్ ఒత్తావియో గిరార్దీనీ దాని మీద తలగడంత పుస్తకం రాశాడు. ఆ పుస్తకం పుణ్యాన ఆయనకు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, మాట్లాడే ముందు కళ్ళు మూసుకునే అలవాటూ వచ్చింది.

నిరుడు రికార్డుల కంపెనీవాళ్ళు ఆ టేపును కంప్యూటర్లో వేసి, గరగరలన్నీ కడిగేసి, కొత్తగా విడుదల చేశారు. దాన్ని ఒపేరా హాల్లోనే అందరికీ వినిపిస్తామని సభ పెట్టారు.

"నేను రాను. బతికుండగానే నా సంతాప సభకి నేనెందుకే?" అంది అత్త.

"వెక్కు గురించి ప్రొఫెసర్‌గారు మాట్లాడతారట అత్తా."

"వాడింకా ఏడుస్తూనే ఉన్నాడా?" మళ్ళీ తనే అడిగింది, "టేపు బాగా కడిగారంటావా?"

"ఈగ రెక్క కదిలినా వినిపిస్తుందట."

"అయితే పద. వాడి మొహం చూడాలి."

ముందు వరసలో కూర్చోబెట్టారు మమ్మల్ని. అత్తకి అటుపక్కన అరీగో జనెల్లి, ఆనాడు ఆమెతో పాడిన బరువు గొంతు బారిటోన్, చెవిలో మిషనుతో కునుకుతున్నాడు. నాయకుడి పాత్ర పాడిన టెనర్ గ్వెర్రీనో పెద్రెత్తి పోయి చాలా ఏళ్ళయింది. అతని భార్య ఇయోలే రాలేదు. మా అత్త ఉన్న చోటికి ఆమె రాదు. ఆ ప్రదర్శన రోజున తెర పడగానే అత్త పూలగుత్తి తీసి గ్వెర్రీనో నెత్తిన కొట్టింది. మళ్ళీ అతనితో పాడలేదు, మాట్లాడలేదు. ఎందుకని ఎవరడిగినా ఒకటే జవాబు, "వాడు గాడిద."

ప్రొఫెసర్ లేచి కళ్ళు మూసుకున్నాడు. "ఈ వెక్కులో మనం వినేది ఒక స్త్రీ దుఃఖం కాదు. దుఃఖమే తనను చూసుకుని దుఃఖపడటం," అన్నాడు.

"అజీర్తి," అంది అత్త, మూడో వరస దాకా వినపడేలా.

రికార్డింగు మొదలైంది. ఎన్నోసార్లు విన్నదే, అయినా నాకు ఒళ్ళు జలదరించింది. అన్నాళ్ళూ ఆ గొంతును దుప్పటి కప్పి వినిపించారన్నమాట. పైస్వరం అందుకునేముందు ఆమె గాలి పీల్చుకోవడం కూడా వినిపిస్తోంది. అత్త మాత్రం పక్కింటి వంట రుచి చూస్తున్నట్టు పెదవి విరిచి, "పిల్ల ఫర్వాలేదు. కాస్త తొందరెక్కువ," అంది.

చివరి అంకం వచ్చింది. వాద్యాలు ఆగాయి. హాలంతా ఊపిరి బిగబట్టింది.

"కాలు తియ్యరా గాడిదా, నా పావడా చిరుగుతోంది!"

టేపులో అత్త గుసగుసే, కానీ గంట కొట్టినట్టు వినిపించింది. అత్త నవ్వుతూ ప్రొఫెసర్ వైపు తిరిగింది. అంతలో, మళ్ళీ లేచిన బాకాల మోత కింద నుంచి, ఇన్నాళ్ళూ ఎవరికీ వినపడని మగ గొంతొకటి, గ్వెర్రీనోది, వచ్చింది.

"నాది కాదే తల్లీ, అరీగోది!"

పై గ్యాలరీ నుంచి ఎవరో "బ్రావో!" అని అరిచారు. హాలంతా నవ్వులు. అత్త మొహంలో మాత్రం నవ్వు ఆరిపోయింది.

"ఆపండి. ఆ ముక్క మళ్ళీ వెయ్యండి," అంది.

వేశారు. నాది కాదే తల్లీ.

అత్త పక్కకి తిరిగి చేతికర్రతో పొడిచింది. "అరీగో, ఆ కాలు నీదా?"

"ఏ కాలు?" అన్నాడాయన ఉలిక్కిపడి, చెవి మిషను సర్దుకుంటూ.

"అరవై ఏళ్ళ కిందట నా పావడా మీదున్న కాలు!"

"ఓ, అదా. నాదే. చీకట్లో కాలికి కళ్ళుంటాయా ఎర్సీలియా?"

"మరి అప్పుడే చెప్పలేదేంరా?"

"పూలగుత్తి వాడి నెత్తిన పడిందిగా. నా నెత్తిన పడుంటే తప్పకుండా చెప్పేవాణ్ణి."

ప్రొఫెసర్ పాలిపోయి నిలబడ్డాడు. పాపం అనుకున్నాను గాని, అనవసరంగా అనుకున్నాను. కళ్ళద్దాలు తుడుచుకుని, కళ్ళు మూసుకుని, "పావడా ఇక్కడ కేవలం పావడా కాదు," అని అందుకున్నాడు. రెండో సంపుటం రాస్తున్నాడని విన్నాను.

సభ అయ్యాక ఇంటికి బయల్దేరాం. ఆమె తిట్టకుండా కారెక్కడం నేను చూడటం అదే మొదలు. ఆదివారం పొద్దున్నే పూసల దండ వేసుకుని గుమ్మంలో నిలబడింది. "ఇయోలే ఇంటికి తీసుకెళ్ళు," అంది.

ఇయోలే తలుపు తీసింది. ముసలమ్మలిద్దరూ బేరానికి దిగబోయేవాళ్ళలా ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు. తర్వాత ఇయోలే లోపలికి నడిచి, ఆకుకూర కూరిన పిండి బిళ్ళలు, తోర్తెల్లి, మూడు పళ్ళేల్లో పెట్టి, పైన వెన్న కరిగించి పోసింది.

"ఆ కాలు గ్వెర్రీనోది కాదట," అంది అత్త, ఫోర్కు ముట్టకుండా.

"తెలుసు. బతికున్నన్నాళ్ళూ అదే మొత్తుకున్నాడు," అంది ఇయోలే. "నేనూ నమ్మలేదు."

అత్త ఫోర్కు అందుకుని, ఒక ముక్కని పళ్ళెం అంచుకి నెట్టింది.

"మంచి గొంతు వాడిది," అంది చివరికి.

"ఆ మాట వాడుండగా అనాల్సింది," అంటూ ఇయోలే ఆమె పళ్ళెంలో చీజు తురిమింది. "తిను, చల్లారిపోతోంది."