ఊరికే కలపని మార్కులు

డిగ్రీ మొదటి ఏడాది క్లాసులో సగం మంది ఫిజిక్స్ తప్పారు.

"తలా పది మార్కులు కలిపేసి చేతులు దులుపుకోమ్మా," అన్నారు విభాగాధిపతి.

కొత్త లెక్చరరమ్మ ససేమిరా అంది. "నేను చెప్పిన తీరే బాగాలేదేమో సార్. మళ్ళీ చెప్పి, మళ్ళీ పరీక్ష పెడతాను."

మర్నాడు ఆమె బోర్డు జోలికి పోలేదు. పిల్లల చేతికే లోలకాలిచ్చి, ఊపి చూసి ఒకరికొకరు చెప్పుకోమంది. గది సంతలా మారింది. గోల విని వచ్చిన విభాగాధిపతి గుమ్మంలోనే ఆగిపోయారు. ఎన్నడూ నోరు విప్పని అమ్మాయి పక్కవాడితో వాదిస్తోంది. "బరువుతో పనిలేదు, దారం పొడుగైతే నెమ్మదిస్తుంది. కావాలంటే చూడు!"

ఆయన తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు.

రెండో పరీక్షలో ఇద్దరే తప్పారు. ఆ ఇద్దరినీ కూర్చోబెట్టుకుని ఆమె పాఠం మళ్ళీ మొదలుపెట్టింది.