మర్యాదస్తుడి దుబాసీ

“కుళాయి కారుతోందని ఎన్నిసార్లు మొత్తుకోవాలి? చెవుడా, లేక బుద్ధే లేదా? అడుగు ఆవిడని!” అన్నాడు భర్త, కుర్చీలోంచి లేవకుండానే.

వాళ్ళకి ఇల్లు అద్దెకిచ్చిన ముసలి ఇంటావిడ గుమ్మంలో నిలబడి ఉంది. భార్య సింకులో గిన్నెలు వదిలేసి, సబ్బు నురగ చున్నీకి తుడుచుకుంటూ వచ్చి, జర్మన్‌లో చెప్పింది. “మీకు శ్రమ ఇస్తున్నందుకు మావారు నొచ్చుకుంటున్నారండీ. వీలు చూసుకుని ఆ కుళాయి బాగుచేయిస్తారా అని అడుగుతున్నారు.”

ముసలావిడ మొహం విప్పారింది. “ఎంత మర్యాదస్తుడమ్మా మీ ఆయన! గొంతు మాత్రం కాస్త పెద్దది. మీ భాషే అంత గట్టిగా ఉంటుందా?”

“అవునండీ, మా భాషే అంత” అంది ఆమె.

ఆవిడ వెళ్ళిపోయాక గిన్నెలు తోముతూ ఆ మాటే నెమరేసుకుంది. మొగుడి పరువు కాపాడటానికి, తను ఉగ్గుపాలతో నేర్చుకున్న భాష మీద నింద వేసింది! అది జోలపాడే భాష, బతిమాలుకునే భాష. దాన్ని పట్టుకుని కసురుడు భాష అని ఒప్పేసుకుంది. యూనివర్సిటీలో అనువాదం చెప్పే మేడమ్ మొదటి రోజే అంది, అన్న మాటను అన్నట్టే దాటించాలి, కోపాన్ని కోపంగానే చెప్పాలి, దానికి చక్కెర కలిపే హక్కు దుబాసీకి లేదని. ఆ క్లాసులో ఈమెకే ఎక్కువ మార్కులు. క్లాసు బయట మాత్రం ఈ దేశం వచ్చిన రెండేళ్ళ నుంచీ చేస్తున్నది చక్కెర కలిపే పనే. బ్యాంకులో, డాక్టరు దగ్గర, చెత్త తప్పు డబ్బాలో వేశారని పక్కింటివాళ్ళు గొడవకొచ్చినప్పుడు, అన్నిచోట్లా అతను తిట్టడం, ఆమె దాన్ని కడిగి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి అవతలివాళ్ళకి అందించడం. అతని ఆఫీసులో ఇంగ్లీషుతో గడిచిపోతుంది. “రెండు ముక్కలైనా నేర్చుకోండి” అంటే, “నువ్వున్నావుగా!” అంటాడు. మొదట్లో అది మెచ్చుకోలనుకుని పిచ్చిమొహం మురిసిపోయింది కూడా.

ఆమె చదువు మాత్రం ఇంట్లో ఎవరికీ ఆనలేదు. పొద్దున్నే అతనికి డబ్బా కట్టి, చొక్కా ఇస్త్రీ చేసి, అతను వదిలేసిన తడి తువ్వాలు మంచం మీంచి తీసి ఆరేస్తేగానీ క్లాసుకి బయల్దేరే యోగం లేదు. పొయ్యి పక్కన నిలబెట్టిన పుస్తకాల్లో సగం పేజీలకి పోపు మరకలే. ఫోన్లో అత్తగారు, “చదువుకోమ్మా, ఎవరొద్దన్నారు? వాడికి వేళకి పెట్టాకే కదా” అంటుంది. ఆడపడుచు, “ఆ భాషలో వండితే కూర రుచి పెరుగుతుందా వదినా?” అని పకపకా నవ్వుతుంది. ఈ పక్కన కూర్చుని ఈయనగారూ నవ్వుతాడు. ఆమె చదువుతున్నది దేని గురించో ఒక్కసారైనా అడిగినవాళ్ళు లేరు. అడిగింది ఇంటావిడ ఒక్కతే.

బట్టల మిల్లుల్లో ఆడవాళ్ళు పనిచేస్తూ పాడుకున్న పాటల మీద ఆమె పరిశోధన. ఇంటావిడ వయసులో ఉండగా మిల్లులో నూలు వడికిన మనిషి. శనివారాలు ఆమెను పై అంతస్తులో కుట్టుమిషనున్న చిన్న గదికి పిలిచి, పని చేయించే మేస్త్రీలని తిట్టే పాటలు ఒక్కొక్కటే గుర్తుచేసుకుని పాడేది. పాడుతుంటే ముసలావిడ వేళ్ళు అక్కడ లేని నూలుపోగుల్ని ముడేసేవి. ఆ గదిలో ఉన్నంతసేపూ ఎవరూ ఆమెను కాఫీ అడిగేవారు కాదు.

ఒక రోజు అన్నం తింటూ అతను, “ఉద్యోగం మారుతున్నా. వచ్చే నెల వేరే ఊరు వెళ్ళిపోతున్నాం” అన్నాడు.

“నా కోర్సు ఇంకో ఏడాది ఉందండీ. ఆ ఊళ్ళో యూనివర్సిటీ కూడా లేదు.”

“అక్కడా ఈ భాషే మాట్లాడతారుగా? కూరగాయల కొట్లో ప్రాక్టీసు చేసుకో. పెరుగు ఇటివ్వు.”

ఆమె పెరుగు ఇచ్చింది. ఇస్తూనే మనసులో లెక్కలు వేసుకుంది. ఈ దేశంలో ఉండటానికి తన అనుమతి తనదే, విద్యార్థిగా తెచ్చుకున్నది. యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని ఉంది. లేనిదల్లా తలదాచుకోవడానికో గది.

మర్నాడు ఇద్దరూ కింద ఇంటావిడ ముందు గదికి వెళ్ళారు. అతను సోఫాలో చేరగిలబడి ఫోన్ తీశాడు. “నెలాఖరుకి ఖాళీ చేస్తున్నామని చెప్పు.”

తన చదువు గొంతు నులమడానికి కూడా తన నోరే కావాలి ఇతనికి! ఆమె ఇంటావిడ వైపు తిరిగింది. “మావారు ఖాళీ చేస్తున్నారు. నేను ఇక్కడే ఉండి చదువు పూర్తిచేయాలి. పైన కుట్టుమిషన్ గది నాకు అద్దెకిస్తారా?”

ముసలావిడ నొచ్చుకుంది. “అయ్యో, అంత మంచి మనిషిని ఒంటరిగా పంపిస్తావా? ఆయన్ని ఒక్క మాట అడగమ్మా. కాదనే మనిషి కాదు. ఆయన సరేనంటే గది ఇవ్వడానికి నాకేం?”

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంచి మనిషి ఎక్కడున్నాడు? ఈ ఇంట్లో అలాంటివాడు ఎన్నడూ అడుగుపెట్టలేదు. వాడిని మాట మాటా పేర్చి తయారుచేసింది తనే. ఇప్పుడు వాడే దారికి అడ్డంగా నిలబడ్డాడు.

“ఏంటా సొల్లు?” అన్నాడు భర్త, ఫోన్లోంచి తలెత్తకుండా. “ముసలి పీనుగకి పనీ పాటా లేదు, నీకు వాగడానికి మనిషి దొరికితే చాలు. సామాన్లు సర్దడానికి ఎవరొస్తారు, మీ బాబా? తెమలమను!”

“ఏమంటున్నాడు?” అంది ఇంటావిడ ఆశగా.

అలవాటైన తియ్యటి వాక్యం నాలుక చివరిదాకా వచ్చేసింది. ఆమె దాన్ని మింగేసింది. తర్వాత, క్లాసులో పరీక్షకి చెప్పినట్టు, అతనన్నది అన్నట్టే చెప్పింది. పీనుగని పీనుగగానే, బాబుని బాబుగానే దాటించింది. అక్కడితో ఆగలేదు. కుళాయి రోజున అన్నదీ చెప్పింది. చివర్న, “మొన్న నేను అబద్ధమాడానండీ. మా భాష గట్టిది కాదు, చాలా మెత్తనిది. ఈయనే అంత” అంది. ఒక్క ముక్కా వదల్లేదు.

ముసలావిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. అతని మొహంలోకి సూటిగా చూస్తూ ఒకే ఒక్క మాట అంది. మిల్లు పాటల్లో మేస్త్రీని తిట్టే మాట అది.

భాష అర్థంకాక అతను ఎప్పట్లాగే మర్యాదగా నవ్వి తలూపాడు.

ఆవిడ లేచి, సొరుగులోంచి పై గది తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. అప్పుడు అతను ఫోన్ పక్కన పెట్టాడు.

“ఆ తాళం ఎందుకు? ఏమంది ఆవిడ? అడుగు!”

“ఎదురుగానే ఉంది కదండీ” అంది ఆమె. “మీరే అడగండి.”