పెదనాన్న ‘వస్తా మరి’ అన్నాడు

కోట హోటల్లో దిగి గంట కూడా కాలేదు, మేనేజర్ వచ్చి తలుపు కొట్టాడు. పైనున్న ఆనకట్ట గేట్లు ఎత్తేశారట, నది ఇప్పుడే పొంగుతుందట, కింది భాగంలో ఎవరున్నా వెంటనే పైకి వచ్చేయాలట. మర్యాదగానే చెప్పాడు గానీ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

కింద ఉన్నది ఒక్కరే. చిట్టి వాళ్ల పెదనాన్న.

నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన మనిషి. ఒకప్పుడు రాజులు పడవలో నేరుగా లోపలికి వచ్చే నీటి గుమ్మం ఈ కోటలో ఉందని, దాన్ని ఎత్తే పళ్లచక్రాలు ఇంకా తిరుగుతున్నాయని చదివినప్పటి నుంచి ఆయనకి తిండి మీద కూడా ధ్యాస లేదు. పెద్దమ్మ కాసేపు నడుం వాల్చమంటున్నా వినకుండా, బ్యాగులు మంచం మీద పడేసి దిగిపోయాడు.

చిట్టి రెండేసి మెట్లు దూకుతూ దిగింది. మెట్ల అడుగున ఇనుప తలుపు, దాని అవతల పొడవాటి నడవ, నడవ చివర మలుపు తిరిగితే ఆ గుమ్మం. నడవలో అప్పటికే నీళ్లు నాలుకలు చాపుతున్నాయి. మేనేజర్ గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఫోన్ చేస్తే అంతా గరగర. నీళ్లొస్తున్నాయి, వచ్చేయండి అని చిట్టి గొంతు చించుకుంది.

“ఆఁ చిట్టీ, ఒక్క పన్ను కూడా అరగలేదమ్మా, భలే ఉంది. సరే, వస్తా మరి.”

ఫోన్ కట్టయింది. హమ్మయ్య, వస్తున్నారని మేనేజర్‌కి చెప్పింది. రెండు నిమిషాలు, నాలుగు నిమిషాలు. నీళ్లు చెప్పుల మీదికెక్కాయి. మలుపులోంచి ఎవరూ రాలేదు. ఈలోగా ఆయాసపడుతూ దిగివచ్చిన పెద్దమ్మ, ఆయనేమన్నారో ఉన్నదున్నట్టు చెప్పమంది.

“‘వస్తున్నా’ అన్నారా, ‘వస్తా మరి’ అన్నారా?”

“వస్తా మరి.”

“అయితే రావట్లేదే పిచ్చిదానా. అది ఫోన్ పెట్టేసే మాట.”

పైన ఎనభై మంది ఉన్నారు, ఇంక ఆగలేనని మేనేజర్ అంటుంటే పెద్దమ్మ వెళ్లి గడప మీద అడ్డంగా నిలబడింది.

“మూసుకో బాబూ. నన్ను మధ్యలో పెట్టి మూసుకో.”

చిట్టి అప్పటికే పరిగెడుతోంది. మలుపు తిరిగేసరికి నీళ్లు మోకాళ్లకొచ్చాయి. పెదనాన్న ఎత్తయిన అరుగు మీద, చేతి గడియారానికి చెవి ఆనించినట్టు, ఆ చక్రానికి చెవి ఆనించి కళ్లు మూసుకుని ఉన్నాడు. చిట్టి ఆయన చెయ్యి పట్టుకుని లాగింది. ఉండవే, ఇది చూడు అంటూనే నీళ్లలోకి దిగాడు, దిగాక నోరు మూతపడింది. వెనక నుంచి నీళ్ల తోపు. ఒక చెప్పు పోయింది, రెండోదీ పోయింది. గోడ పట్టుకుని, ఒకరినొకరు పట్టుకుని గడప దాటారు.

తలుపు పడలేదు. నీళ్లు తన్ని పెడుతున్నాయి. నలుగురూ భుజాలు ఆనించి తోశారు. గడియ పడిన మరుక్షణం అవతల నుంచి ధభేలుమంటూ ఒక దెబ్బ, తలుపంతా అదిరింది.

నువ్వు ఎలా ఉందని అడిగావనుకున్నానే అన్నాడు పెదనాన్న చిన్నగా, చిట్టి వైపు చూడకుండా.

పెద్దమ్మ రెండు చేతులతో ఆయన చొక్కా పట్టుకుని, ఎంత తడిసిందో చూస్తున్నట్టు, వదలకుండా అలాగే నిలబడిపోయింది.