ఎండపెట్టె

గంగామణి యంత్రం మూత పైకెత్తి, స్పిరిట్ చల్లి, నీలం గుడ్డతో లోపలి అద్దాన్ని తుడవడం మొదలుపెట్టింది. తల దగ్గర నుంచి కాళ్ళ దగ్గరికి. ఎప్పుడూ అదే దిక్కు. చెమట మరక ఒక్కటి మిగిలినా తర్వాత వచ్చే మనిషి పార్లర్ యజమాని మేడమ్‌కు ఫోను చేస్తుంది. అప్పుడు మేడమ్ పైకి వస్తుంది. మేడమ్ పైకి రావడం ఎవరికీ మంచిది కాదు.

ఆ యంత్రం మనిషి నిలువంత పెట్టె. పైనా కిందా వరసగా ట్యూబులైట్లు. తెల్లతోలు ఆడవాళ్ళు డబ్బిచ్చి అందులో పడుకుంటారు. పది నిమిషాలకు లేస్తారు. నాలుగైదు సార్లు పడుకుంటే ఒళ్ళు గోధుమ రంగు తిరుగుతుంది.

"నల్లబడనీకె పైసలిస్తరా!" అని మొదటి రోజు నోరు తెరిచింది గంగామణి. పక్క గదిలో తెల్లబడడానికి డబ్బిచ్చేవాళ్ళు పడుకుని ఉన్నారు. దోహాలో చమురు డబ్బు పొంగుతున్న రోజులు. కొత్త మేడలు లేచాయి, ఇంజనీర్లు దిగారు, వాళ్ళ వెనక భార్యలు దిగారు. ఎవరికి ఏ రంగు కావాలంటే ఆ రంగు.

దానికి ఎండపెట్టె అని పేరు పెట్టింది గంగామణే.

ఆమెకు నలభై ఒకటి. మనిషి పొట్టి, భుజాలు వెడల్పు. మెట్‌పల్లి దగ్గర ఊళ్ళో పద్దెనిమిదేళ్ళు బీడీలు చుట్టింది. కుడి బొటనవేలు పక్కన దారం కోసిన గాటు ఇంకా ఉంది. పొగాకు చాట ఒళ్ళో పెట్టుకునే రెండు కడుపులు మోసింది. రెండూ నిలవలేదు. చాట ఒళ్ళో పెట్టుకోవద్దని ఒక డాక్టరమ్మ చెప్పింది. చెప్పేసరికి రెండోది కూడా పోయి నాలుగేళ్ళయింది. మూడోది రాలేదు. మొగుడు ఇంకొకామెను తెచ్చుకున్నాడు. గంగామణి విమానం ఎక్కింది. ఊళ్ళో ఇప్పుడు ఆమెను దుబాయ్ గంగామణి అంటారు. ఆమె దుబాయ్‌ని ఒక్కసారి కూడా చూడలేదు.

పదిన్నరకు ఒక ఇంజనీరు భార్య వచ్చింది. కౌంటర్ దగ్గర లూర్దెస్ ఆమె ముందు కాగితం పెట్టింది. లూర్దెస్ ఫిలిప్పీన్స్ మనిషి. అక్కడ కాన్పులు చేసే చదువు చదివింది. ఇక్కడ గోళ్ళకు రంగు వేస్తుంది. వచ్చినామె సంతకం చేయబోతూ, నవ్వి, పొట్ట మీద చెయ్యి వేసుకుని ఏదో చెప్పింది. లూర్దెస్ కాగితాన్ని వెనక్కి లాక్కుంది. రెండు నిమిషాల మాటలు. ఆమె వెళ్ళిపోయింది.

గంగామణి గుడ్డ పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

"ఏమైంది సిస్టర్? ఎందుకు పోయింది?"

ఇద్దరూ ఏళ్ళుగా మాట్లాడుకునే కలగాపులగపు భాషలోనే లూర్దెస్ జవాబిచ్చింది. "బేబీ. మూడో నెల. బేబీ ఉంటే ఈ మెషీన్ మాఫీ, వద్దు. మేడమ్ తిట్టినా సరే, నేను పడుకోనివ్వను."

గంగామణి చేతిలోని గుడ్డ నుంచి స్పిరిట్ చుక్క ఒకటి పాదం మీద పడింది. చల్లగా తగిలింది.

"ఎందుకని?"

"ఒళ్ళు వేడెక్కుతుంది మణీ. మొదటి నెలల్లో తల్లి ఒళ్ళు ఎక్కువ వేడెక్కితే బిడ్డ వెన్నెముకకు మంచిది కాదంటారు."

"అయితదా? నిజంగ అయితదా?"

"అవుతుందని ఎవరూ చెప్పలేరు. కాదని కూడా చెప్పలేరు. కడుపుతో ఉన్నవాళ్ళను అందులో పండబెట్టి ఎవరు చూస్తారు? అందుకే వద్దంటారు."

"మరి ఎముకలకు ఎండ కావాలంటరు కద సిస్టర్?"

"ఇది ఆ ఎండ కాదు. ఇది తోలుకు రంగు వేస్తుంది. ఎముకలకు పెద్దగా ఏమీ ఇవ్వదు." అంతవరకు చెప్పి లూర్దెస్ ఆగింది. గంగామణి ముఖం చూసింది. గొంతు తగ్గించింది. "ఎవరు? ఫక్రూనా?"

గంగామణి తల ఊపింది.

"ఏ నెలలో మొదలుపెట్టారు?"

"రెండో నెల."

లూర్దెస్ అరచేత్తో నోరు మూసుకుంది.

ఫక్రున్నీసాది బోధన్. ఇరవై నాలుగేళ్ళు. ఇక్కడే దారంతో కనుబొమలు తీస్తుంది. భర్త నిసార్ అహ్మద్ రాస్ లఫాన్ గ్యాసు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ, క్యాంపులో ఉంటాడు. శుక్రవారం సాయంత్రాలు ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో చుట్టాల గది ఇప్పించుకుని భార్యాభర్తలు కలుసుకునేవాళ్ళు. రెండు నెలల కింద ఫక్రూ క్లినిక్ నుంచి వచ్చి, మెట్ల మీదే గంగామణిని పట్టుకుంది.

"అక్కా, కడుపు నిలిచింది. గని రక్తంల ఎముకల బలం తక్కువుందట. ఎండకు కూసోమన్నరు. యాడ కూసోవాలె?"

ఎక్కడా లేదు. ఆడవాళ్ళ పార్లర్ కాబట్టి కిటికీలన్నిటికీ నల్ల కాగితం అంటించారు. పడక గదులు పార్లర్ మీదే. డాబా తలుపుకు తాళం, ఎదురింటి మగవాళ్ళకు కనబడతారని. బయటికి వెళ్ళేది శుక్రవారం, అదీ పొద్దు కుంకాక. నిప్పులు చెరిగే ఊళ్ళో వాళ్ళకు ఎండ కరువు.

అప్పుడే గంగామణి చూపు ఎండపెట్టె వైపు పోయింది.

"పిచ్చిదానా, మన చేతుల్నే ఎండ వెట్టుకొని ఏడుస్తవేందే?" అంది.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా పార్లర్ మూత. ఆ వేళల్లో వారానికి రెండుసార్లు. మీట నొక్కింది గంగామణే. పది కాదు, ఎనిమిది నిమిషాలే పెట్టింది, లేత ఒళ్ళు మాడుతుందని. బయట కూర్చుని కాపలా కాసింది. గ్రహణం నాడు అత్త తనను చీకటి మూల కూర్చోబెట్టి, వెలుగు కడుపు మీద పడకూడదని చాప అడ్డం కట్టిన సంగతి ఆమెకు ఈ రెండు నెలల్లో ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. ఇప్పుడు వచ్చింది. చేతి కణుపుల మీద లెక్క పెట్టింది. పదహారు సార్లు.

ఫక్రూ ఇవాళ వెళ్ళిపోతోంది. పొట్ట కనబడగానే మేడమ్ వీసా రద్దు చేయించింది. మూడింటికి కారు. ఐదున్నరకు విమానం.

ఒంటిగంట దాటి పది నిమిషాలకు ఫక్రూ పరుగున వచ్చింది. కొత్త బురఖా, చేతికి మెహెందీ. బుగ్గలు నల్లబడి మెరుస్తున్నాయి.

"అక్కా, ఆఖరి డోసు! యల్లా, జల్దీ మూత లేపు."

గంగామణి మూత మీద చెయ్యి వేసి నిలబడింది. "ఇయ్యాల వద్దు."

"ఎందుకే? ఎనిమిది నిమిషాలే కద. ఇగ బోధన్ల నాకు ఎండపెట్టె యాడ దొరుకుతది?"

"బోధన్ల ఎండనే ఉన్నది, దానికి పెట్టెందుకు?" అంది గంగామణి. మాట ఎగతాళిగా రావాలనుకుంది. రాలేదు. "మిషన్ ఖరాబయింది. ట్యూబు కొట్టేసింది."

ఫక్రూ ముఖం ముడుచుకుంది. వెంటనే విప్పారింది. ఆ పిల్లకు ఏ బాధా రెండు క్షణాలకు మించి నిలవదు. "పోనీతీ. నిసార్ ఏమంటుండో ఎరికేనా? 'నువ్వు కాలీ అయినవ్, పిల్లగాడు బొగ్గు లెక్క పుడతడు' అంటుండు. బొగ్గయితేంది, గట్టిగుంటడు అన్న. ఎండ తాగి పెరుగుతుండు కద!"

పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని నవ్వింది.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. గంగామణి నోరు తెరిచింది. ఏమని చెప్పాలి? నీ బిడ్డకు ఏమన్నా కావచ్చు, కాకపోవచ్చు, ఎవరికీ తెలియదు, చేసింది మాత్రం నేనే అనా? నాలుగున్నర గంటలు ఆకాశంలో ఒక్కతే కూర్చోబోయే పిల్లకు?

"అక్కా, ఏమన్న అంటున్నవా?"

"బువ్వ తిన్నవా?"

"తిన్న."

మూడింటికి కింద హారన్ మోగింది. డ్రైవర్ హమీదుద్దీన్ కరీంనగర్ మనిషి, తొందర ఎక్కువ. పెట్టె డిక్కీలో తోస్తూనే అరిచాడు. "జల్దీ రావమ్మా! ఏడుపులు, కావలింతలు అన్నీ ఒక్క నిమిషంల అయిపోవాలె. ట్రాఫిక్ నా సుట్టం గాదు."

చెప్పేయాలని గంగామణి మెట్లు దిగుతుంటేనే నిర్ణయించుకుంది. కారు తలుపు దగ్గర ఫక్రూ చెయ్యి గట్టిగా పట్టుకుంది. కానీ పక్కనే మేడమ్ పాస్‌పోర్టు పట్టుకుని నిలబడి ఉంది. హమీదుద్దీన్ అద్దంలో నుంచి చూస్తున్నాడు.

"ఇంటికి పోంగనే దావఖానకు పో," అంది గంగామణి. "ఐదో నెల ఎళ్ళంగనే స్కానింగ్ తీపిచ్చుకో. వెన్ను చూడుమను. గట్టిగ చెప్పు, వెన్ను చూడుమను."

"వెన్నెందుకక్కా?"

"ఊకె."

"నువ్వు గిట్ల భయపెడ్తవేందే!" ఫక్రూ ఆమె బుగ్గ గిల్లింది. "పుట్టంగనే ఫోటో పంపుత. ఆడపిల్లయితే నీ అసొంటి భుజాలు రావాలని దువా చేస్త."

"యల్లా, యల్లా," అంది మేడమ్.

కారు ముషైరిబ్ వైపు తిరిగింది. మేడమ్ లోపలికి వెళ్ళింది. తెరిచిన తలుపు ముందు గంగామణి ఒక్కతే మండుటెండలో నిలబడింది. ఎండ నెత్తి మీద, మెడ మీద, భుజాల మీద పడింది. ఎంతసేపు నిలబడితే అంత. అడ్డం చెప్పేవాళ్ళు లేరు.

నాలుగింటికి పార్లర్ తెరవాలి. ఈలోగా ఫక్రూ పడుకున్న మంచం దులిపి పెట్టమన్నది మేడమ్. రేపు నేపాల్ పిల్ల వస్తోంది. గంగామణి దుప్పటి మడిచింది. పరుపు పక్కకు లాగింది. పరుపుకూ గోడకూ మధ్య క్లినిక్ కాగితపు సంచి ఒకటి నలిగి ఉంది. లోపల ఒక చీటీ, మాత్రలున్న వెండి రంగు రేకు అట్టలు మూడు.

ఆమె వాటిని లూర్దెస్‌కు చూపించింది.

లూర్దెస్ చీటీ చదివింది. మళ్ళీ చదివింది. "ఎముకల మందు. రోజుకొకటి, ప్రసవం దాకా. కింద ఇంకో లైను, పొద్దున పది నిమిషాలు ఎండ." తేదీ చూసింది. రెండు నెలల కిందటిది.

మొదటి అట్టలో ఒక్క గుంట చిదిమి ఉంది. ఒకటి మింగింది. రెండో రోజు నుంచి ఎండ దొరికింది, మాత్ర ఆగింది.

ఫక్రూ ఫోను కలవకపోతే లూర్దెస్ హమీదుద్దీన్‌కు చేసింది. ఎత్తలేదు. మూడోసారికి అతనే చేశాడు. స్పీకర్లో ఎయిర్‌పోర్టు రొద.

"లోపటికి పోయిందమ్మా. గేటు కాడ చెయ్యి ఊపింది. ఏమన్న మర్చిపోయిందా?"

లూర్దెస్ ఫోను పెట్టేసింది. కింద గంట మోగింది. నాలుగయింది. ఎండపెట్టెకు ఎవరో వచ్చారు. లూర్దెస్ దిగింది. గంగామణి నీలం గుడ్డ తీసుకుని ఆమె వెనకే దిగింది.

పరుపు లేని మంచం చెక్క మీద ఆ అట్టలు ఉండిపోయాయి. చిదిమిన గుంట ఒకటి. మిగిలినవన్నీ రేకు కింద గుండ్రంగా, నిండుగా, అలాగే.