సౌండు మాత్రమే

అశోక్ నగర్‌లో మనిషిని ఉద్యోగంలోంచి తీసేసే పద్ధతి చాలా మర్యాదగా ఉంటుంది. శాలువా కప్పుతారు. ధీమా స్టడీ సర్కిల్ డైరెక్టర్ రామచంద్రం మరీ పెద్దమనిషి కాబట్టి శాలువాతోపాటు గాజుపెట్టెలో వీణ బొమ్మ కూడా ఇచ్చాడు, పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. ఏళ్ల తరబడి అక్కడ రాజ్యాంగం పాఠం చెప్పిన ఇంద్రసేన సారు ఆ శాలువా భుజాన, వీణ చంకన పెట్టుకుని నారాయణగూడలోని కిరాయి ఇంటికి నడిచి వెళ్లాడు. దారిలో కనబడిన వాళ్లు ఆయన్ని అభినందించారు. ఎందుకో వాళ్లకూ తెలియదు, ఆయనా చెప్పలేదు.

అది 2014. రాష్ట్రం వస్తోంది, వెనకే నోటిఫికేషన్లు వస్తాయని ఊళ్లన్నీ కదిలి చిక్కడపల్లి, అశోక్ నగర్ హాస్టళ్లలో దిగాయి. మంచానికీ మంచానికీ మధ్య కాలు పెట్టే సందు లేదు. అంతమందిని చూసి రామచంద్రం గారికి ఒక ఆలోచన వచ్చింది. సారు ఒక్క హాల్లోనే చెప్పగలడు. పైగా నెల తిరిగితే జీతం అడుగుతాడు, బీపీ అంటాడు, బంధువుల పెళ్లి అంటాడు. వీడియో పాఠాలు నింపిన ట్యాబ్లెట్‌కు బంధువులుండరు.

అందుకని ఆ ఎండాకాలమంతా ఇంద్రసేనను ఒక నీలం కర్టెన్ ముందు నిలబెట్టి రాజ్యాంగం మొత్తం వీడియో తీశారు. ఆయన మురిసిపోయాడు. భార్య మనోరమ రోజుకో చొక్కా ఇస్త్రీ చేసి పంపింది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ తన గొయ్యి తానే తవ్వుకుంటున్నాడని ఇద్దరికీ తోచలేదు. పాపం, మెచ్చుకుంటుంటే ఎవరికి మాత్రం తోస్తుంది? ఆఖరి పాఠం అయిపోయిన మర్నాడే శాలువా వచ్చింది.

ఇక ట్యాబ్లెట్లు వచ్చాయి. డబ్బు కట్టి కొనుక్కున్నవాళ్లు హాల్లో కూర్చుని చూడొచ్చు, ఊళ్లలో ఉన్నవాళ్లకు పార్సిల్లో పంపుతారు. అయితే రామచంద్రానికి ఒక భయం పట్టుకుంది. ఇయర్‌ఫోన్ పెట్టే కన్నంలో ఎవడైనా వైరు దూర్చి పాఠాలు రికార్డు చేసుకుని, సీడీలు కొట్టి కోఠి ఫుట్‌పాత్ మీద అమ్మేస్తే? విద్యార్థుల మీద ఆయనకున్న నమ్మకం అలాంటిది. అందుకని తన బామ్మర్ది ఉదయ్ కుమార్‌ను ఐటీ హెడ్‌గా నియమించి, నల్లా పైపు కారితే ప్లంబర్లు పెట్టే నల్లటి ముద్ద తెప్పించి, ప్రతి ట్యాబ్లెట్‌కూ ఆ కన్నం పూడ్పించాడు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. స్టేజీ మీది ట్యాబ్లెట్‌ను అద్దెకు తెచ్చిన పెద్ద స్పీకర్లకు కలపాలి కనుక దాని కన్నం పూడ్చలేదు. ఇంద్రసేన గొంతు పక్క వీధిదాకా వినబడింది. మర్నాడు హాల్లో పిల్లలు తమ తమ ట్యాబ్లెట్లు తెరిచారు. ఎటు చూసినా ఇంద్రసేనలే. చేతులు ఊపుతున్నారు, పెదాలు కదుపుతున్నారు. ఒక్కరి నోటి నుంచీ మాట రావడం లేదు.

ఉదయ్ కుమార్ రంగంలోకి దిగాడు. ఆఫ్ చేసి ఆన్ చేయమన్నాడు. చేశారు. సౌండు పెంచే బటన్ నొక్కమన్నాడు. నొక్కారు. చెమట చేతులతో పట్టుకోవద్దన్నాడు. కర్చీఫులతో పట్టుకున్నారు. కరెంటు ఎక్కువ తక్కువ అవుతోందని, కొత్తవి కదా నాలుగు రోజులు వాడితే గొంతు తెరుచుకుంటుందని కూడా అన్నాడు. చివరికి అన్నిటికంటే పెద్ద వైద్యమని కొన్నింటిని రీసెట్ చేస్తే సౌండు రాలేదు సరికదా, పాఠాలు కూడా పోయాయి. నల్ల ముద్ద సంగతి మాత్రం బావా బామ్మర్దులిద్దరికీ గుర్తు రాలేదు. తాము చేసిన పనిలో తప్పు వెతకడం ఆ ఇంట్లో అలవాటు లేదు.

పిల్లలు డబ్బులు వాపసు అడగడం మొదలుపెట్టారు. ఆ మాట వినగానే రామచంద్రం స్వయంగా నారాయణగూడ వచ్చి ఇంద్రసేన ఇంట్లో చాయ్ తాగాడు. వీడియో అద్భుతంగా వచ్చిందని, అందులో సారు చాలా అందంగా ఉన్నారని చెప్పి, అసలు విషయానికి వచ్చాడు.

"పాఠం వీడియో చెప్తది సార్. మీరు జర పక్కన నిలబడి నోటితో అనుండ్రి. సౌండు మాత్రమే."

ఇంద్రసేనకు ఒళ్లు మండింది. కానీ యాభైకి దగ్గరపడిన మనిషి, పాఠం చెప్పడం తప్ప ఇంకో పని తెలియదు. శాలువా వచ్చాక ఆ వీధిలోని సెంటర్లన్నీ తిరిగాడు, ఎక్కడ చూసినా నీలం కర్టెన్లే. ఇంటి కిరాయి మనోరమ కుట్టుమిషన్ మీద నడుస్తోంది. ఒప్పుకున్నాడు.

అలా లోకంలో ఏ సారూ చేయని ఉద్యోగం మొదలైంది. ఉదయ్ కుమార్ చెయ్యి ఊపగానే పిల్లలంతా ఒకేసారి వీడియో పెట్టాలి. ఇంద్రసేన గోడకున్న పెద్ద తెర మీద తన పెదాలు చూసుకుంటూ మాట్లాడాలి. వీడియో సారు దగ్గితే ఈయన దగ్గాలి. వీడియో సారు జోకు వేస్తే, చచ్చినట్టు ఆ జోకే వేయాలి. జూన్ రెండు దాటి రాష్ట్రం వచ్చేసింది కదా, దేశంలో రాష్ట్రాలు ఇరవై తొమ్మిది అన్నాడొకరోజు. క్లాసు కాగానే రామచంద్రం పిలిచి మందలించాడు. పెదాలు ఇరవై ఎనిమిది అంటుంటే మీరు సొంతంగా పెంచడమేంటి, మ్యాచింగ్ పోయింది కదా అని. ఏ రాష్ట్రం కోసం ఆ పిల్లలు లాఠీదెబ్బలు తిన్నారో ఆ రాష్ట్రానికి ధీమా స్టడీ సర్కిల్లో చోటు లేకుండా పోయింది.

అయినా ఇంద్రసేన ఒక సందు కనిపెట్టాడు. వీడియోలో సారు మధ్యమధ్య మంచినీళ్లు తాగేవాడు. ఆయన గ్లాసు ఎత్తి దించేలోపు ఈయన గబగబా పిల్లల డౌట్లు తీర్చేవాడు. పిల్లలు కూడా ప్రశ్నలు ముందే తయారు చేసుకుని గ్లాసు కోసం కాచుకుని కూర్చునేవారు. ఇన్నేళ్లలో ఎన్నడూ ఆయన అంత బాగా పాఠం చెప్పలేదు. గొడ్డుచాకిరీ చేస్తూ కూడా సంతోషంగా ఉన్నాడు, అది నిజం.

పెదాలు ఇంకా బాగా కలవాలని ఒక ట్యాబ్లెట్ ఇంటికి కూడా ఇచ్చారు. ఒక సాయంత్రం ఆయన దాని ముందు కూర్చుని సాధన చేస్తుంటే మనోరమ చిక్కుడుకాయలు తుంచుతూ తొంగిచూసింది. తెర మీద పైమూలన చిన్న ఇయర్‌ఫోన్ బొమ్మ ఉంది. వంట చేస్తూ సెల్‌ఫోన్లో పాటలు వినే మనిషి కాబట్టి ఆమెకు ఆ బొమ్మ బాగా తెలుసు. కన్నంలో జొన్నపిండి పోయినప్పుడు తన సెల్లూ ఇలాగే ఇయర్‌ఫోన్ వైరు పెట్టారనుకుని బయటికి కూత మానేసిందట. గాజుకున్న పిన్నీసు తీసి ఆ నల్ల ముద్దను గీకి పారేసింది.

"ప్రియమైన విద్యార్థులారా" అంది ట్యాబ్లెట్, ఇల్లంతా మోగేలా.

ఇంద్రసేన పకపకా నవ్వాడు. బాగుపడిన వస్తువును చూస్తే ఎవరైనా నవ్వుతారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. మనోరమ ఆయన ముఖం చూసి వీడియో ఆపింది.

"రేపు పొయ్యి చెప్తరా?" అని అడిగింది.

"చెప్తే ఎల్లుండి నుంచి నేనేం జెయ్యాలె?"

ఆమె లేచింది. వంటింట్లోకి వెళ్లి అగ్గిపుల్ల విరిచి తెచ్చి ఆ కన్నంలో దూర్చింది. ట్యాబ్లెట్ ఇంద్రసేన మళ్లీ మూగవాడయ్యాడు. బయటి ఇంద్రసేన ఉద్యోగం నిలబడింది.

మర్నాడు హాల్లో ఆయనకు దొంగలా ఉంది. తల వంచుకుని బెంచీల మధ్య నడుస్తుంటే ముందు వరసలో ఒక ట్యాబ్లెట్ అంచున ఏదో పొడుచుకొచ్చి కనబడింది. అగ్గిపుల్ల. పక్కదానికీ అగ్గిపుల్లే. దాని పక్కదానికి చీపురుపుల్ల. హాలు చివరిదాకా నడిచాడు. నల్ల ముద్ద మిగిలిన ట్యాబ్లెట్ ఒక్కటి కనబడితే ఒట్టు.

బయట చాయ్ బండి దగ్గర శ్రీశైలం అనే పిల్లవాడిని నిలదీశాడు. నల్లగొండ వైపు నుంచి వచ్చి మూడోసారి గ్రూప్ పరీక్షలకు చదువుతున్నవాడు. వాడు కప్పు కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"మీరు మల్ల వచ్చిన మొదటి వారంలనే తెలిసింది సార్. చెప్తే మిమ్ముల పంపిస్తరు. వీడియోను డౌట్ అడుగుతే ఏం చెప్తది?"

ఇంద్రసేనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏ సన్మానానికీ రాని నీళ్లు అవి. హాలు హాలంతా ఒక్కమాట మీద నిలబడి డైరెక్టర్‌ను మోసం చేస్తోంది, అదీ తనకోసం. రాజ్యాంగం ఆ మాత్రం ఒంటబట్టిందంటే చాలు అనుకున్నాడు.

అలాగే నడిచిపోయేది. ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. మహేశ్వరి అట, సిద్దిపేట దగ్గర ఏదో ఊరు. బీడీలు చుట్టి దాచుకున్న డబ్బుతో పార్సిల్ ట్యాబ్లెట్ తెప్పించుకుంది. చంకలో పిల్ల ఉంది కాబట్టి పట్నం రాలేదు. సారు నంబరు ఎవరినో బతిమాలి సంపాదించింది.

"ఆఫీసోళ్లు ఆఫ్ చేసి ఆన్ చెయ్యమంటున్నరు సార్. చేసి చేసి బటన్ ఊడొచ్చింది. మీ పెదాలు చూసుకుంట రాసుకుంటున్న. హక్కు అంటే దొరుకుతున్నది. అధికరణం అంటే దొరుకుతలేదు."

 ఆఫీసుకు చెప్తానమ్మా అని ఇంద్రసేన పెట్టేయొచ్చు. ఆఫీసువాళ్లు రోజూ అలాగే పెట్టేస్తున్నారు. కానీ ఒక మనిషి ఎక్కడో కూర్చుని, పిల్లను పడుకోబెట్టి, తన పెదాల వంక చూస్తూ అక్షరాలు ఏరుకుంటోందని తెలిశాక ఆ మాట అనబుద్ధి కాలేదు. హాల్లోవాళ్లకు అగ్గిపుల్లలున్నాయి, తనున్నాడు. ఈమెకు ఏముంది?

"ఇంట్ల పిన్నీసు ఉందామ్మా?" అని అడిగాడు.

కాసేపటికి అవతల నుంచి తన గొంతే వినబడింది. మహేశ్వరి ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దమ్మా అనే మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. అంత సంతోషంలో ఉన్న మనిషిని దొంగతనంలో వాటా తీసుకోమని ఎలా అడుగుతాడు? అడగలేకపోయాడు.

మహేశ్వరి మంచి మనిషి. మంచివాళ్లతోనే చిక్కు. ఇంద్రసేన సారు దేవుడని, పిన్నీసుతో నిమిషంలో బాగుచేయించారని ఆఫీసుకు ఫోన్ చేసి మరీ కృతజ్ఞతలు చెప్పింది. తనలాంటి వాళ్లకు పనికొస్తుందని వాట్సాప్ గ్రూపులోనూ పెట్టింది.

రామచంద్రం కోప్పడలేదు. కోప్పడితే నల్ల ముద్ద ఎవరు పెట్టించారనే ప్రశ్న వస్తుంది. ధీమా సాంకేతిక బృందం సాధించిన విజయం అంటూ తన ఫొటోతో చిక్కడపల్లిలో ఫ్లెక్సీ కట్టించాడు. ఉదయ్ కుమార్ పిన్నీసు పట్టుకుని హాల్లోకి వచ్చి వరసగా అగ్గిపుల్లలు పీకాడు. నల్ల ముద్ద ఉండాల్సిన చోట అగ్గిపుల్లలు ఎలా మొలిచాయని ఆయన అడగలేదు. శ్రీశైలం లేచి, మాకు సారే కావాలి అన్నాడు. వెనక బెంచీలు కూడా అన్నాయి. వీడియోలో ఉన్నది సారే కదా అన్నాడు రామచంద్రం. 

ఇంద్రసేనకు ఈసారి శాలువా కప్పలేదు. ఉద్యోగమే ఇచ్చారు. ఊళ్ల నుంచి ఇంకా ఫోన్లు వస్తూనే ఉన్నాయి, పిన్నీసు ఎలా పట్టుకోవాలో ఆయనంత ఓపికగా చెప్పేవాళ్లు లేరు. మెట్ల కింద ఒక బల్ల, ఒక ఫోను. జీతం పాతదాంట్లో సగం. సౌండు సంగతి తప్ప పాఠం సంగతి మాట్లాడకూడదని షరతు. మనోరమ వద్దంది. ఆయన చేరాడు.

బాగానే చెప్పేవాడు. ముందు ట్యాబ్లెట్‌ను ఒళ్లో బోర్లా పెట్టుకో అనేవాడు, నెమ్మదిగా గీకు, లోపలికి పొడవకు అనేవాడు. క్లాసులో చెప్పినట్టే, అర్థమైందా అని అడిగేవాడు. గొంతు వినబడగానే అవతలివాళ్లు థ్యాంక్స్ అన్నా అని పెట్టేసేవారు.

ఒకరోజు ఆదిలాబాద్ నుంచి ఎవరో అబ్బాయి. ముద్ద గట్టిగా ఉంది, చాలాసేపు పట్టింది. ఉన్నట్టుండి ఫోన్లోంచి పాఠం మోగింది. గవర్నర్ అధికారాల పాఠం. ఇంద్రసేన వింటూ ఉండిపోయాడు. ఒకచోట వీడియో సారు ముఖ్యమైన సంగతి వదిలేసి ముందుకు వెళ్లిపోయాడు. ఆ రోజు కర్టెన్ పక్క నుంచి ఉదయ్ కుమార్ తొందర పెట్టడం ఆయనకు బాగా గుర్తుంది. పరీక్షలో తప్పకుండా అడిగే ప్రశ్న అది. షరతు మరిచిపోయి కుర్చీలో ముందుకు జరిగాడు.

"తమ్మీ, గిక్కడ ఒక మాట రాసుకో..."

"అన్నా, జర ఆగు," అన్నాడు ఆ అబ్బాయి. "సార్ చెప్తున్నడు."

ఇంద్రసేన ఆగాడు.