పదహారు పౌన్ల నల్ల బంతి

...అయినా పదహారే తీసుకోమని నన్నెవరూ బతిమాలలేదు. బౌలింగ్ హాల్లో, వరసలో అన్నిటికన్నా నల్లగా, అన్నిటికన్నా బరువుగా ఉన్న బంతిని రెండు చేతులా ఎత్తి, "ఇది నాకు పువ్వు" అన్నది నేనే. ఆ నోరు నాదే. ఇప్పుడు వాచిన బొటనవేలూ నాదే.

కొట్లలో తూకంరాళ్లు పరీక్షించడం ఇరవై రెండేళ్లుగా నా ఉద్యోగం. రాయి మీద ఏ అంకె ఉన్నా నమ్మను. రెండు చేతులా ఎత్తి, కళ్లు మూసుకుని, "నలభై గ్రాములు తక్కువ" అంటాను. తర్వాత కాటా కూడా ఆ మాటే అంటుంది. బంతిని దొర్లించేది ఒక్క చేత్తోనని ఆ క్షణాన తట్టలేదు.

అక్కడ ఆటకి బూట్లు అద్దెకిచ్చే ఆవిడ చెప్పనే చెప్పింది. "ఒంటిచేత్తో వేలాడదీసి పది లెక్కపెట్టండి సార్. ఈలోపు భుజం వాలిందంటే అది మీ బంతి కాదు."

నాలుగు దగ్గరే వాలింది. మిగిలిన ఆరూ గబగబా లెక్కపెట్టేశాను. నేను పట్టుకున్న ఏ కొట్టువాడూ తూకంలో ఇంత బాహాటంగా మోసం చేసి ఎరగడు.

ఎందుకు చేశాను? జట్లు కట్టేటప్పుడు మా అమ్మాయి, ఎప్పుడూ పట్టుకు వేలాడే మేనమామని వదిలేసి, "నాకు నాన్న కావాలి. నాన్నకి బరువులు తెలుసు" అంది. పన్నెండేళ్లలో మొదటిసారి. విననట్టు వంగి బూటుతాడు కట్టుకున్నాను. కట్టిన బూటుకే మళ్లీ.

ఆ తర్వాత నా బంతులన్నీ, అటు చివర నిలబెట్టిన పిన్నుల్ని పడగొట్టకుండా, పక్క కాలవలోకే పోయాయి. ఒకటి మాత్రం చేతిలోంచి వెనక్కి జారింది. బావమరిది కుర్చీ ఎక్కేశాడు.

"బావా, పిన్నులు అటున్నాయి! ఇటున్నది నేను!"

ఇప్పుడు చివరి వంతు నాదే.

"నాన్నా, ఆరు పిన్నులు పడితే గెలిచేస్తాం," అంది అమ్మాయి.

"పడాల్సింది పిన్నులేనమ్మా. మీ నాన్న పడితే పాయింట్లు రావు," అన్నాడు వాడు.

అది నవ్వలేదు. దగ్గరికొచ్చి, నాకు మాత్రమే వినబడేలా అడిగింది.

"నాన్నా, దీని మీద బరువు తప్పు రాశారేమో కదా?"

అబ్బ, ఎంత చక్కని దారి! ఊఁ అంటే చాలు. బంతిది తప్పు, చేతిది కాదు. ఇరవై రెండేళ్ల ఉద్యోగం చెక్కుచెదరదు. కూతురి నమ్మకమూ చెదరదు. ఆ నమ్మకం నామీదే ఉంటుందా, నా అబద్ధం మీద ఉంటుందా అన్నది తీరిగ్గా ఇంటికెళ్లి ఆలోచించుకోవచ్చు. బంతిని రెండు చేతులా ఎత్తి కళ్లు మూసుకున్నాను. పదహారు. ఒక్క గ్రాము తేడా లేదు. ఇంత నిజాయితీగల వస్తువు ఈమధ్య నా చేతికి రాలేదు.

"బంతి సరిగ్గానే ఉందమ్మా. నేనే లెక్కలో ఆరంకెలు మింగేశాను."

"ఓహో, ఓటమి ఒప్పుకున్నట్టేనా బావా?"

నల్లదాన్ని దాని చోట పెట్టేశాను. పక్కనే వంగపండు రంగుది, పదకొండు పౌన్లది ఉంది. దాని కన్నాల్లో మూడు వేళ్లూ దూర్చి, రెండో చెయ్యి వెనక్కి కట్టుకుని, చెయ్యి కిందికి వేలాడదీశాను. అమ్మాయి నా భుజం వైపే చూస్తోంది.

"ఒకటి," అన్నాను, పైకే, మెల్లగా.