ప్రశ్న దగ్గర ఆగిన గొంతు

నేను ఒక సాఫ్ట్‌వేర్ లైబ్రరీని. పుస్తకాలుండే లైబ్రరీని కాదు. ప్రోగ్రాములు పిలిస్తే వెళ్ళి వాటి పని చేసిపెట్టేదాన్ని. తెలుగు అక్షరాలను పైకి చదవడం నా పని. కాకినాడలో హైమవతి నన్ను తయారుచేసింది.

ప్రశ్న పలకాలంటే వాక్యం చివర స్వరం లేవాలి. ఎంత లేవాలో లెక్క కట్టడం నాకు రాదు, గణితం లైబ్రరీ చేసిపెట్టాలి. ‘నాతోపాటు దాన్నీ పిలవండి’ అని హైమవతి నాలో ఒక్క మాట రాయాల్సింది. రాయలేదు. ఆఫీసులో నేనుండే పెద్ద ప్రోగ్రాం తన అవసరానికి దాన్ని ఎలాగూ వెంట తెచ్చుకునేది. పొరుగింటి ఉప్పుతో వండుతూ నా వంటింట్లో అన్నీ ఉన్నాయనుకున్నాను. రుచి కుదిరినంతకాలం ఉప్పు ఎవరిదని మనుషులూ అడగరు.

హైమవతి తల్లి వరాలమ్మకు చూపు పోయింది. విశాఖలో ఉండే ఆవిడ చెల్లెలు భానుమతికి గొంతు ఆపరేషన్‌తో మాట పోయింది. చెల్లెలు టైపు చేసి పంపినది అక్క వినాలని హైమవతి ఇంట్లో చిన్న ప్రోగ్రాం రాసి, అందులో నన్నొక్కదాన్నే పెట్టింది. ‘ఇడ్లీ తిన్నాను’ అని పలికించి చూసి, సరే అనుకుంది.

కబుర్లు బాగానే సాగాయి, ఒక్క ప్రశ్నా లేకుండా. భానుమతి రెండో ఆపరేషన్‌కు ముందు ఒక ప్రశ్న వచ్చింది. దాని కోసం గణితం లైబ్రరీని వెతికాను. లేదు. ప్రోగ్రాం అక్కడే ఆగిపోయింది. వరాలమ్మ మీట నొక్కుతూనే ఉంది.

“మీ పిన్ని ఉలుకూ పలుకూ లేదే,” అంది సాయంత్రం.

“పోనీ, మనమే వెళ్దామా అమ్మా?”

“పిలవని పేరంటానికి నేను రాను. మాట పోయినా దాని బింకం పోలేదు.”

హైమవతి నన్ను అనుమానించలేదు. తన చేతి పని కదా.

ఆపరేషన్ అయిన మర్నాడు గానీ ఆమె కంప్యూటర్ తెరిచి చూడలేదు. ఆగిపోయిన కబురు తెర మీద ఉంది: ‘అక్కా, ఈసారి నా పక్కన ఉంటావా?’

రాయని ఆ ఒక్క మాట అప్పుడు రాసి, నన్ను మళ్ళీ తయారుచేసింది. పాలు పొంగేలోపు అయిపోయే పని.

“ఇప్పుడు చదివించు,” అంది వరాలమ్మ.

చదివాను. స్వరం చక్కగా లేచింది.

“ఉంటానని రాయవే.”

“ఆపరేషన్ అయిపోయిందమ్మా.”

ఆ వారమే వెళ్ళి చూసొచ్చారు. భానుమతి కోలుకుంది. ఇప్పటికీ రోజూ రాస్తుంది. బాగున్నాను. అన్నం తిన్నాను. ఇక్కడ వాన పడింది. వరాలమ్మ చెవి ఒగ్గి ప్రతి వాక్యం చివరిదాకా వింటుంది. గణితం లైబ్రరీ నా పక్కనే ఉంటోంది. దాని అవసరం పడే మాట ఆ చెల్లెలి నుంచి మళ్ళీ రాలేదు.